వెలిసినవాళ్లూ వచ్చినవాళ్లూ

గోదావరి రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసే చోట, నడిమధ్యన గవ్వలంక అని చిన్న లంక ఒకటి ఉంది. ఒకప్పుడు మనుషులు పడవల మీద వచ్చి అక్కడ మిరప, దోస పండించుకునేవాళ్లు. ఒక ఏడాది పెద్ద వరద వచ్చి పాకలన్నీ ఊడ్చుకుపోయింది. మనుషులు మళ్లీ రాలేదు. ఆ వరదలో కొట్టుకొచ్చినవీ, కొట్టుకుపోకుండా మిగిలినవీ జంతువులన్నీ కలిసి కాపురాలు పెట్టాయి.

వాటిలో పెద్దమనిషి దున్నపోతు గంగరాజు. ఒళ్లు భారీ, మనసు మెత్తన, ఆలోచన బహు నిదానం. "నువ్వు లేకపోతే ఈ లంక ఏమైపోయేదో పెద్దాయనా!" అని ఎవరైనా అంటే చాలు, నెమరు వెయ్యడం ఆపి, అన్నవాళ్లు ఏమడిగితే దానికి తలూపేసేవాడు.

పుంజు పట్టాభి లంకకి దండోరా. ఏ విషయమైనా ముందు గట్టిగా అరిచి, తర్వాత అది నిజమో కాదో ఆలోచించేవాడు. ఒక్కోసారి ఆ రెండో పని మర్చిపోయేవాడు కూడా. పట్టాభి పెళ్లాం సూరమ్మ మాత్రం తక్కువ మాట్లాడే పెట్ట. పొద్దున్నే పిల్లల్ని లెక్కపెట్టుకుని మేతకి వదిలేది, సాయంత్రం లెక్కపెట్టుకుని రెక్కల కింద వేసుకునేది.

ఇక నక్క నాగభూషణం. రెండు భాషలు వచ్చినవాడిలా గొంతు సవరించుకుని మాట్లాడేవాడు. "నేను మాంసం మానేసి చాలా కాలమైందండీ. ఒడ్డున నాలుగు పీతలు తిని కాలక్షేపం చేస్తున్నాను. పీతంటే మాంసం కిందకి రాదు కదా" అనేవాడు. నెలకో పిల్లకోడి మాయమయ్యేది. అందరూ ఆకాశం వైపు చూసి గద్దని తిట్టుకునేవాళ్లు. నాగభూషణం అందరికన్నా గట్టిగా తిట్టేవాడు.

రెండేళ్ల కిందట మళ్లీ వరద వచ్చింది. విరిగిపోయిన చెక్కగూడు ఒకటి తేలుకుంటూ వచ్చి లంకకి తగులుకుంది. దాని మీద తడిసి ముద్దయిన నాలుగు గిన్నెకోళ్లు ఉన్నాయి. నల్లటి ఒంటి మీద బియ్యపుగింజలు చల్లినట్టు తెల్ల చుక్కలు, బోడి తల. అలాంటి పిట్టల్ని లంకలో ఎవరూ చూడలేదు. వాటిలో పెద్దావిడని అందరూ చుక్కమ్మ అన్నారు. ఆవిడకీ ఆ పేరు నచ్చింది.

సూరమ్మ వాళ్లని తన తుమ్మచెట్టు పక్క కొమ్మల మీద ఉండనిచ్చింది. ఈ ఏడు చుక్కమ్మ గుడ్లు పెట్టి, పొదిగి, ముగ్గురు పిల్లల్ని చేసింది.

వాళ్లతో ఒకటే ఇబ్బంది. వాళ్ల గొంతు. గడ్డిలో పాము కదిలినా, పొదలో తోక ఆడినా "కర్రెక్! కర్రెక్! కర్రెక్!" అని రంపంతో రేకు కోసినట్టు అరిచేవాళ్లు. ఒకరు మొదలెడితే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. అవతలి పాయలో చేపలు కూడా ఉలిక్కిపడేవి.

వాళ్లు వచ్చాక ఈ రెండేళ్లలో ఒక్క పిల్లకోడి కూడా పోలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. జరిగిన నష్టాన్ని నలుగురికీ చెప్పుకుంటారు గానీ జరగని నష్టాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? గమనించినవాడు ఒక్క నాగభూషణమే. వాడి పక్కటెముకలు బయటపడ్డాయి మరి. నిజంగానే పీతలు తినాల్సి వస్తోంది.

ఒకరోజు మధ్యాహ్నం గంగరాజు బురదగుంటలో పడుకుని ఉంటే నాగభూషణం వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. పెద్దగా నిట్టూర్చాడు.

"ఏమైందయ్యా?" అన్నాడు గంగరాజు.

"ఏం చెప్పమంటారు పెద్దాయనా! నిద్రపట్టట్లేదు. నా సంగతి వదిలెయ్యండి. మీకు పడుతోందా?"

గంగరాజుకి బ్రహ్మాండంగా పడుతోంది. అయినా అంత సానుభూతిగా అడిగేసరికి, "అంతంతమాత్రమే" అన్నాడు.

"ఎలా పడుతుంది? ఆ అరుపులేమిటి, ఆ భాషేమిటి! మన లంకలో పూర్వం ఎంత ప్రశాంతంగా ఉండేది! మీరు 'హుం' అంటే ఒక అందం. పట్టాభి 'కొక్కొరొకో' అంటే ఒక అర్థం. 'కర్రెక్' అంటే ఏమిటండీ? పొగిడారో తిట్టారో మనకేం తెలుసు?"

గంగరాజు ఆలోచించాడు. తనని తిట్టి ఉండొచ్చన్న అనుమానం అతనికి అప్పటిదాకా లేదు. ఇప్పుడు వచ్చింది.

"పైగా చూడండి, నలుగురు వచ్చారు. ఏడుగురయ్యారు. ఇలా పోతే పదేళ్లలో లంకంతా చుక్కలే. మీరు మీ గుంటలోనే పరాయివాళ్లయిపోతారు."

"వాళ్లు వరదలో కొట్టుకొచ్చారు కదయ్యా, పాపం. నేను కూడా చిన్నప్పుడు మా అమ్మ వెంట ఈదుకుంటూ..."

"మీరా!" నాగభూషణం రెండు చెవులూ మూసుకున్నాడు. "ఆ మాట అనకండి పెద్దాయనా, పాపం తగులుతుంది. పాత వరదకి వచ్చినవాళ్లు వచ్చినవాళ్లు కాదు. మీరు వెలిశారు. కొత్త వరదకి తేలినవాళ్లే వచ్చినవాళ్లు."

వెలిశారన్న మాట గంగరాజుకి చాలా బాగుంది. ఒకటికి నాలుగుసార్లు నోట్లో తిప్పుకుని నమిలాడు. సాయంత్రానికి లంక స్థానికుల సంఘం పుట్టింది. గంగరాజు అధ్యక్షుడు, నాగభూషణం కార్యదర్శి, పట్టాభి ప్రచారం.

మర్నాటి నుంచి తెల్లవారగానే పట్టాభి చెట్టెక్కి "గవ్వలంక ఎవరిది?" అని అరిచేవాడు. కింద అందరూ లేచి నిలబడి "మనది!" అనాలి. చుక్కమ్మా వాళ్లూ కూడా "మనది!" అన్నారు. పట్టాభికి కోపం వచ్చింది.

"మీరెందుకంటున్నారు?"

"అందరూ అంటున్నారు కదా అని అన్నాం అన్నయ్యా. అనకపోతే ఎందుకు అనలేదంటారేమోనని."

"అంటే, మీకు ఇష్టం లేకుండా అంటున్నారన్నమాట!" అన్నాడు పట్టాభి. ఆ రోజంతా అదే దండోరా వేశాడు.

వారం తిరక్కుండా సంఘం చుక్కమ్మని విచారణకి పిలిచింది. లంకంతా చేరింది. బాతులు నీళ్లంచున కూర్చున్నాయి. పంది బొండయ్య వెనకెక్కడో నేల పెళ్లగించుకుంటూ వింటున్నాడు. నాగభూషణం గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నీది ఏ ఊరు?"

"ఇదేనండి."

"పుట్టింది?"

"అవతలెక్కడో. వరదకి గూడుతో సహా వచ్చాం. ఆ ఊరి పేరు మాకెవరూ చెప్పలేదు."

"రాసుకోండి. పుట్టుక తెలియదు."

"నా పిల్లలు మాత్రం ఇక్కడే పుట్టారండి. ఆ తుమ్మచెట్టు కిందే గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చారు. సూరమ్మక్క చూసింది."

"పిల్లలు ఇక్కడివాళ్లే, సరే. గుడ్డు ఎక్కడిది?"

"గుడ్డూ ఇక్కడే పెట్టాను."

"పెట్టినావిడ?"

చుక్కమ్మ పిల్లల్ని రెక్క కిందకి లాక్కుంది.

"చూశారా!" అన్నాడు నాగభూషణం అందరివైపూ తిరిగి. "గుడ్డు ఇక్కడిదే గానీ అందులో ఉన్నది ఇక్కడిది కాదు."

సూరమ్మ లేచింది. "కార్యదర్శిగారూ, వాళ్లు ఎవరికేం చేశారండీ? ఎవరి గింజలైనా తింటున్నారా? గడ్డిలో పురుగులు ఏరుకుంటున్నారు. నా పిల్లలతో పాటే తిరుగుతున్నారు వాళ్ల పిల్లలు."

"నువ్వు కూర్చో" అన్నాడు పట్టాభి. "సంఘం విషయాల్లో నీకేం తెలుసు?"

"పిల్లల విషయాలు తెలుసు."

"అదేనమ్మా మా బాధ" అన్నాడు నాగభూషణం మెత్తగా. "నీ పిల్లలు కూడా రేపు 'కర్రెక్' అంటే? అప్పుడు పట్టాభిగారి వంశం ఏం కావాలి?"

పట్టాభి తోక ఈకలు నిక్కబొడుచుకున్నాయి. ఇక ఎవరు చెప్పినా వినే స్థితిలో లేడు. చుక్కలవాళ్లు లంక విడిచి పోవాలన్నాడు నాగభూషణం. గంగరాజు చుక్కమ్మ ముఖం వైపు చూడకుండా, నేల వైపు చూస్తూ తలూపాడు.

లంకకీ అవతలి ఒడ్డుకీ మధ్య పాయలో ఒక ఇసుకదిబ్బ ఉంది. చెట్టూ చేమా లేదు. ఎండాకాలం కాబట్టి నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. చుక్కమ్మా మిగతా ముగ్గురూ పిల్లల్ని ముందు నడిపించుకుంటూ ఇసుక మేటల మీదుగా ఆ దిబ్బకి వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు ఒక్కరూ అరవలేదు. సూరమ్మ ఒడ్డుదాకా వెళ్లి, వాళ్లు అవతల చేరేదాకా నిలబడింది.

"ఆహా, ఎంత హాయిగా ఉంది!" అన్నాడు పట్టాభి ఆ సాయంత్రం. నిజంగానే లంక నిశ్శబ్దంగా ఉంది.

ఐదో రోజు సూరమ్మ పెద్దకూతురు గోధుమరంగు పెట్ట కనిపించలేదు. ఎనిమిదో రోజు ఒక పిల్లపుంజు. పదో రోజు ఇద్దరు పిల్లలు. సూరమ్మ లెక్క ఎన్నిసార్లు పెట్టినా తక్కువే వచ్చింది.

"ఇది చుక్కలవాళ్ల పనే!" అని పట్టాభి దండోరా వేశాడు. "కక్షకొద్దీ దిబ్బ మీద నుంచి వచ్చి ఎత్తుకుపోతున్నారు!"

"గిన్నెకోడి కోడిని ఎత్తుకుపోతుందా? ముక్కుతోనా, కాళ్లతోనా?" అంది సూరమ్మ.

"ఎలాగో నాకేం తెలుసు? వాళ్ల పద్ధతులు వాళ్లవి!"

నాగభూషణం ఇంకో కారణం కూడా కనిపెట్టాడు. వాళ్లకి ఇక్కడివాళ్లే ఎవరో సాయం చేస్తున్నారన్నాడు. అందరూ ఒకరినొకరు ఓరచూపులు చూసుకున్నారు. అనుమానం బాతుల మీదికి పోయింది.

"సగం రోజు నేల మీద, సగం రోజు నీళ్ల మీద" అన్నాడు నాగభూషణం. "రెండు చోట్లా కాపురం ఎలా కుదురుతుంది? మనసు ఒకచోట ఉండాలి."

"నీళ్లలో ఈదకపోతే బాతులు ఏం చేస్తాయయ్యా?" అని ముసలి బాతు వెంకాయమ్మ మొత్తుకుంది. వినేవాళ్లు లేరు. బాతులు కూడా దిబ్బకి చేరాయి. వాళ్లు పోయిన మర్నాడు ఇంకో పెట్ట మాయమైంది. నాగభూషణం పొట్ట గుండ్రంగా తిరిగింది. పీతలు బాగా పడుతున్నాయని చెప్పాడు.

ఆ వారంలోనే ఒక ఉదయం సూరమ్మ మేత వెతుక్కుంటూ జమ్ముగడ్డి వైపు వెళ్లింది. నాగభూషణం బొరియ అటే ఉంటుంది. గడ్డిపరకలకి చిక్కుకుని ఒక గోధుమరంగు ఈక గాలికి ఆడుతోంది. సూరమ్మ దగ్గరికి వెళ్లి చూసింది. ఆ ఈకని ఎన్నిసార్లు ముక్కుతో దువ్విందో ఆమెకే తెలుసు. మేత మీద ధ్యాస పోయింది. ఏడుద్దామనుకుంది. ఏడిస్తే ఆ బొరియలోవాడు వింటాడు. నోరు మూసుకుని ఇంటికొచ్చింది.

మొగుడికి చెబితే ఏమంటాడో చూద్దామని, "ఏవండీ, కార్యదర్శిగారి గుమ్మం దగ్గర మన పిల్ల ఈక కనిపించింది" అంది.

"గాలికి కొట్టుకుపోయుంటుంది. కార్యదర్శిని అనుమానిస్తే లంకని అనుమానించినట్టే! ఇంకెవరి దగ్గరా అనకు."

సూరమ్మకి విషయం అర్థమైంది. నక్క దొంగ అని చెబితే, నువ్వు ఎవరి పక్షం అని అడుగుతారు. ఋజువు తను చూపించడం కాదు, వాడితోనే చూపించాలి.

తర్వాత విచారణ పంది బొండయ్యది. అతను కూడా పాత వరదకే వచ్చినవాడు. కానీ అతని తాత అడవిపంది అనీ, అడవి అవతలి ఒడ్డున ఉందనీ నాగభూషణం బయటపెట్టాడు. విచారణకి ముందురోజు సూరమ్మ బొండయ్య దగ్గరకి వెళ్లి, "బొండయ్యా, రేపు నేను తవ్వమన్న చోట తవ్వుతావా?" అని అడిగింది.

"నన్ను తవ్వొద్దని చెప్పాలి గానీ, తవ్వమని చెప్పక్కర్లేదమ్మా" అన్నాడు బొండయ్య దిగులుగా.

విచారణ రోజున మబ్బు పట్టి ఉంది. పైన ఎక్కడో వానలు మొదలయ్యాయి. పాయలో నీళ్లు ఎర్రబడి, ఉదయం కన్నా మధ్యాహ్నానికి జానెడు పెరిగాయి. దిబ్బ మీదివాళ్లు మధ్యకి జరిగి నిలబడటం లంక మీదికి కనిపిస్తూనే ఉంది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

నాగభూషణం బొండయ్యని ప్రశ్న అడగబోతుండగా సూరమ్మ ముందుకొచ్చింది.

"కార్యదర్శిగారూ, ఒక్క మాట. ఇన్నాళ్లూ నేను తెలియక ఎదురు చెప్పాను. నాకు బుద్ధొచ్చింది."

"సంతోషమమ్మా" అన్నాడు నాగభూషణం.

"ఎవరెవరు ఇక్కడివాళ్లు కారో రోజూ తేలుస్తున్నాం. అసలైన ఇక్కడివాళ్లు ఎవరో ఒక్కసారైనా చెప్పుకోవద్దా? పెద్దాయన వెలిశారు, నిజమే. కానీ వెలవక ముందు నుంచీ ఉన్నది మీ వంశమే కదండీ?"

నాగభూషణం ఛాతీ ఉబ్బింది. "బాగా అడిగావు. మా తాతలు ఈ మట్టిలో పుట్టారు. ఈ మట్టిలోనే కలిశారు. వరదలకి ముందు, మనుషులకి ముందు, ఈ లంకలో నక్క ఉంది!"

"మట్టిలో కలిశారంటే, వాళ్ల ఎముకలు ఇక్కడే ఉన్నాయన్నమాట."

"ఇక్కడే! నా బొరియలోనే! నేను వాటి మీదే తలపెట్టుకుని పడుకుంటాను!"

"విన్నారా!" సూరమ్మ అందరివైపూ తిరిగింది. "లంక పెద్దల ఎముకలు మన మధ్య ఉండి కూడా ఒక్క దండం పెట్టుకోలేదు మనం. ఇవాళే వెళ్లి మొక్కుదాం!"

"దండం! దండం!" అని పట్టాభి అప్పుడే చెట్టెక్కేశాడు. "గవ్వలంక పెద్దలకి దండం! పదండి, పదండి!"

"అబ్బే, అంత శ్రమ ఎందుకండీ" అన్నాడు నాగభూషణం. "ఇంకో మంచిరోజు చూసుకుని..."

"మా ఆయన మూడుసార్లు కూశాక మంచిరోజు కాకుండా ఉంటుందా?" అంది సూరమ్మ. గంగరాజు అప్పటికే లేచి నడక మొదలెట్టాడు. అంత శరీరం ఒకసారి కదిలాక మళ్లీ ఆగడం కష్టం. లంకంతా అతని వెనక బయల్దేరింది. నాగభూషణం ముందుకు పరిగెత్తబోయాడు గానీ దారి సన్నం. ముందు గంగరాజు వెనకభాగం, వెనక జనం.

బొరియ దగ్గర సూరమ్మ "బొండయ్యా, పెద్దల్ని బయటికి తియ్యి నాయనా. జాగ్రత్తగా" అంది.

"వాడు ముట్టుకోకూడదు! వాడు అవతలివాడు!" అని నాగభూషణం కేకపెట్టాడు.

"మరి మీరే తియ్యండి కార్యదర్శిగారూ."

నాగభూషణం కదల్లేదు. బొండయ్య ముట్టె పెట్టి రెండుసార్లు ఎగదోశాడు. బొరియ కప్పు విరిగి పడింది. ఎముకలు బయటపడ్డాయి. చాలానే ఉన్నాయి. సన్నటి ఎముకలు. వాటితో పాటు ఎర్ర ఈకలు, నల్ల ఈకలు, గోధుమరంగు ఈకలు గుప్పున లేచి అందరి ముఖాల మీదా పడ్డాయి.

పట్టాభి దండం పెట్టుకోడానికి తల వంచినవాడు అలాగే ఉండిపోయాడు. అతని కాళ్ల దగ్గర ఉన్నది గోళ్లతో సహా పిల్లపుంజు కాలు. అతని నోటి నుంచి మాట రాకపోవడం లంకలో అదే మొదటిసారి.

"మీ తాతలకి ఈకలుండేవా?" అని గంగరాజు అడిగాడు. అతను నిజంగానే అడిగాడు. అడిగాక, నిదానంగా, చెవుల చివరి దాకా, విషయం ఎక్కింది. కొమ్ములు కిందకి దించాడు.

"పెద్దాయనా, ఆగండి! నేను ఇక్కడ పుట్టినవాణ్ణి! ఇది అబద్ధం కాదు! నేనూ, మా అమ్మా, మా అమ్మమ్మా, అందరం ఈ నేల మీదే కళ్లు తెరిచాం! నన్నెవరు పొమ్మంటారు?"

"అబద్ధమని ఎవరన్నారు?" అంది సూరమ్మ. "నువ్వు ఇక్కడే పుట్టావు. నా పెద్దకూతురు కూడా ఇక్కడే పుట్టింది. ఇదిగో, నీ పడకలో ఉంది."

గంగరాజు ఒక అడుగు వెయ్యగానే నాగభూషణం వెనక్కి తిరిగి దూకాడు. జమ్ముగడ్డిలోంచి, ఒడ్డు మీదికి, ఒడ్డు మీద నుంచి పాయలోకి. ఎర్రనీళ్లు వాణ్ణి ఈడ్చుకుపోయి ఇసుకదిబ్బ తోక దగ్గర పడేశాయి.

అప్పటికి దిబ్బ నాలుగు మంచాలంత మిగిలింది. బాతులు ఈదుకుంటూ లంకకి వచ్చేస్తున్నాయి. పెద్ద గిన్నెకోళ్లు రెక్కలు కొట్టుకుంటే దాటగలరు గానీ పిల్లలు దాటలేరు. అందుకే ఎవరూ కదల్లేదు. చుక్కమ్మ ఇద్దరు పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని కూర్చుంది. మూడోవాణ్ణి వారం కిందట గద్ద తన్నుకుపోయింది. దిబ్బ మీద దాక్కోడానికి ఒక్క పొద కూడా లేదు మరి.

గంగరాజు నీళ్లలోకి దిగాడు. మెడలోతుకి వచ్చినా ఆగలేదు. వెళ్లి దిబ్బకి ఆనుకుని వీపు పెట్టి నిలబడ్డాడు.

చుక్కమ్మ ఎక్కలేదు. "ఎవరి లంకకి రమ్మంటున్నారండీ?" అంది.

గంగరాజు వీపుని ఇంకాస్త దిబ్బకి ఆనించాడు. నీళ్లు పెరుగుతున్నాయి. "నేను కూడా కొట్టుకొచ్చినవాణ్ణేనమ్మా" అన్నాడు చివరికి. "ఆ ముక్క చెప్పడానికి సిగ్గుపడి నీ పిల్లవాణ్ణి పోగొట్టాను. ఎక్కు తల్లీ. తిట్టాలనుంటే దారిలో తిట్టు."

చుక్కమ్మ ముందు పిల్లల్ని ఎక్కించింది. తర్వాత మిగతావాళ్లు. తను ఆఖరున కాలు పెట్టబోతుండగా దిబ్బ వెనక అంచు నుంచి తడిసిన తోక ఒకటి మెల్లగా పాక్కుంటూ వచ్చింది.

"పెద్దాయనా, ఒక్క మూల చోటివ్వండి. వెనకాల కూర్చుంటాను. ఎంతైనా మనం మనం ఒక లంకవాళ్లం..."

"కర్రెక్! కర్రెక్! కర్రెక్!"

గిన్నెకోళ్లన్నీ ఒక్కసారి అందుకున్నాయి. రెండు ఒడ్లూ దద్దరిల్లాయి. లంక మీద నుంచి పట్టాభి కూడా బొంగురుపోయిన గొంతుతో "కర్రెక్!" అనబోయాడు. సరిగ్గా రాలేదు గానీ గట్టిగానే వచ్చింది. నాగభూషణం చెవులు వెనక్కి పెట్టి రెండో వైపు నీళ్లలోకి దూకాడు. చీకటి పడకముందే అవతలి ఒడ్డున ఏ పొదలోనో కలిసిపోయాడు. ఆ తర్వాత వాణ్ణి ఎవరూ చూడలేదు.

గంగరాజు వాళ్లని లంకకి చేర్చాక చుక్కమ్మ తుమ్మకొమ్మ మీదికి ఎక్కింది. సూరమ్మ ఆమె పక్కన వచ్చి కూర్చుంది. ఇద్దరూ పిల్లల్ని లెక్కపెట్టుకున్నారు. ఇద్దరి లెక్కా తక్కువే వచ్చింది.

కనుక పిల్లలూ పెద్దలూ వినండి: ఎవరు ఎక్కడ పుట్టారో తేల్చుకోవడంలోనే పొద్దంతా గడిపే ఊళ్లో, ఎవరు ఎవర్ని మింగుతున్నారో చూసే కన్ను ఒక్కటీ మిగలదు.